లింకులతో, సొంత పనితనంతో ఆన్‌లైన్ సంపాదన: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి లెక్క వేసి చూపించాలి. కమీషన్ రేట్లు, నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఖాతా తెరిచే రోజు ఆ కంపెనీ పేజీలో ఒకసారి సరిచూసుకోండి.

అఫిలియేట్ మార్కెటింగ్ అంటే అసలేంటి?

మీరు ఒక వస్తువు గురించి చెప్తారు, కింద మీ గుర్తు ఉన్న లింకు పెడతారు. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే అమ్మిన కంపెనీ మీకు కమీషన్ ఇస్తుంది. కొన్నవాళ్లకు ధర పెరగదు. అమెజాన్ 1996 నుంచే ఇలా ఇస్తోంది, కాబట్టి ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన స్కీము కాదు. సరుకు మీరు కొని పెట్టుకోనక్కర్లేదు, ప్యాకింగ్, కొరియర్ గొడవ లేదు. కొన్నవాళ్లు వస్తువు తిప్పి పంపేస్తే మాత్రం మీ కమీషన్ కూడా పోతుంది.

చేరడానికి ఎంత కట్టాలి?

పైసా కట్టక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, యాక్టివేషన్ ఫీజు, స్టార్టర్ కిట్ అనే మాట వినబడితే ఫోన్ పెట్టేయండి. మీ కింద మనుషుల్ని చేర్పిస్తే డబ్బిస్తామనేది అఫిలియేట్ మార్కెటింగ్ కాదు, గొలుసుకట్టు. అలాంటివాటిని 1978 నాటి మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఒప్పుకోదు, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాలూ ఒప్పుకోవు. పెళ్లిలోనో ఫంక్షన్‌లోనో కలిసిన బంధువు 'ఒక మంచి బిజినెస్ ఉంది, ఆదివారం జూమ్ మీటింగ్‌కి రా' అన్నప్పుడు ముందు అడగాల్సింది ఒక్కటే: డబ్బు వస్తువు అమ్మితే వస్తుందా, మనిషిని చేర్చితే వస్తుందా?

నెలకు ఎంత వస్తుంది? నిజం చెప్పండి.

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలే, కానీ కొత్తవాళ్ల పరిస్థితికి దగ్గరగానే ఉంటాయి.

మీరు మిక్సర్ గ్రైండర్ల మీద ఒక వీడియో పెట్టారు, ఐదు వేల మంది చూశారు. అందులో వంద మంది లింకు నొక్కారు. ముగ్గురు కొన్నారు, ఒకరు తిప్పి పంపారు. మిక్సర్ ధర 3,500, కమీషన్ 4% అనుకుంటే ఒక్కోదానికి 140 రూపాయలు. ఇద్దరికి 280. అదీ ఈ నెల రాదు. అమెజాన్‌లో కమీషన్ వచ్చిన నెల పూర్తయ్యాక దాదాపు రెండు నెలలకు బ్యాంకులో పడుతుంది.

ఐదు వేల వ్యూస్‌కి 280 రూపాయలా అని చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. అయితే ఆ వీడియో రేపు కూడా ఉంటుంది. 'ఇడ్లీ పిండికి మిక్సీ మంచిదా, వెట్ గ్రైండర్ మంచిదా' అని వచ్చే ఏడాది కూడా ఎవరో ఒకరు వెతుకుతారు. అలాంటి ప్రశ్నలకు జవాబులు మీ దగ్గర ఓ అరవై పోగైతే అప్పుడు అది నెలనెలా వచ్చే ఆదాయంగా మారుతుంది. 'ఈరోజు డీల్స్' అంటూ పెట్టే లింకులు మాత్రం సాయంత్రానికే చచ్చిపోతాయి. దసరా, దీపావళి సేల్ రోజుల్లో వచ్చిన అంకె చూసి ఉద్యోగం మానేయకండి, సంక్రాంతి నాటికి ఆ అంకె దిగిపోతుంది.

లింకు నొక్కాక ఎన్ని రోజుల్లో కొంటే నాకు కమీషన్ వస్తుంది?

ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు. అమెజాన్‌లో 24 గంటలు. ఆ గడువులోపు కార్టులో వేసుకుంటే ఆర్డర్ కాస్త ఆలస్యమైనా లెక్కలోకి వస్తుంది. ఆ 24 గంటల్లో వాళ్లు మీరు చెప్పిన వస్తువు కాకుండా వేరేది కొన్నా చాలావరకు కమీషన్ వస్తుంది. మిక్సీ లింకు నొక్కినవాళ్లు మిక్సీ వదిలేసి పిల్లల షూస్ కొనడం మామూలే.

మీ లింకుతో మీరే కొనుక్కుంటే చెల్లదు. ఇంట్లోవాళ్లతో కొనిపించే తెలివితేటలు కూడా వద్దు, ఖాతా మూసేస్తారు. ఇంకో సంగతి: ఖాతా తెరిచిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరగకపోతే అమెజాన్ ఆ ఖాతాను తీసేస్తుంది. కాబట్టి ముందు నాలుగు మంచి వీడియోలో వ్యాసాలో సిద్ధం చేసుకుని అప్పుడు అప్లై చేయండి. ముందే ఖాతా తెరిచి 'ఇప్పుడేం చేయాలి' అని అడిగేవాళ్లే ఎక్కువ.

ఏ టాపిక్ తీసుకోవాలి?

అందరూ మొబైల్ రివ్యూలతో మొదలుపెడతారు. మొబైల్స్ మీద కమీషన్ శాతం తక్కువ, పోటీ ఎక్కువ. పైగా కొత్త ఫోన్ వచ్చిన రోజే కొని చూపించే స్తోమత ఉన్న పెద్ద ఛానెళ్లతో మీరు తలపడాలి. ఆ దారి వదిలేయండి.

మీకు చేతులతో తెలిసిన పని ఏదో చూడండి. మిద్దెతోట పెంచేవాళ్లు గ్రో బ్యాగులు, కోకోపీట్, వేపనూనె, డ్రిప్ కిట్ల గురించి ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు. మగ్గం వర్క్ నేర్చుకునేవాళ్లకు ఏ స్టాండు కొనాలి, ఏ సూది కొనాలి, జర్దోసి ఏది నల్లబడదు అనే సందేహాలుంటాయి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఏ పుస్తకం ఏ పేపరుకు పనికొస్తుందో చెప్పేవాళ్లు కావాలి. ఇలాంటిచోట అడిగే మనిషి కొనడానికి సిద్ధపడే వచ్చి ఉంటాడు. వంద మందే చూసినా అందులో కొనేవాళ్లు ఉంటారు.

అంతేకాదు, ఫలానాది కొనొద్దు అని చెప్పగలిగే టాపిక్ అయి ఉండాలి. కుట్టుమిషన్ మీద పదేళ్లు పనిచేసినావిడ 'ఈ మోడల్ కొనకండమ్మా, బాబిన్ దగ్గర దారం చిక్కుపడుతుంది' అంటే ఆ మాట కింద ఉన్న రెండో మిషన్ లింకును జనం నొక్కుతారు. స్పెసిఫికేషన్లు చదివి వినిపించే వీడియో కింద ఎవరూ నొక్కరు.

టైటిల్ గురించి చిన్న మాట. మనవాళ్లు చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. గొంతుతో అడిగేవాళ్లూ ఎక్కువే. టైటిల్ తెలుగు లిపిలో పెట్టండి, వివరణలో రెండు రకాలుగానూ రాయండి.

వెబ్‌సైట్ మంచిదా, యూట్యూబ్ మంచిదా, ఇన్‌స్టాగ్రామ్ మంచిదా?

తెలుగులో అయితే ముందు యూట్యూబ్. మనవాళ్లు కొనేముందు చదవడం కన్నా చూడటమే ఎక్కువ. 2024 అక్టోబరులో యూట్యూబ్ షాపింగ్ అఫిలియేట్ సదుపాయం ఇండియాకి వచ్చింది. అర్హత ఉన్న ఛానెళ్లు ఫ్లిప్‌కార్ట్, మింత్రా వస్తువుల్ని వీడియోలోనే ట్యాగ్ చేయొచ్చు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు పెట్టేవాళ్లు ఎక్కువగా ఎర్న్‌కరో లాంటి, చాలా షాపుల అఫిలియేట్ లింకులు ఒకచోటే ఇచ్చే యాప్‌లు వాడతారు. అది సులువే, కానీ అక్కడ మీ మాటకు విలువ ఉండదు, డిస్కౌంటుకే విలువ. రేపు ఇంకో గ్రూపువాడు పది రూపాయలు తక్కువ చూపిస్తే జనం అటు పోతారు.

యూట్యూబ్ యాడ్స్ డబ్బు ఎప్పటినుంచి వస్తుంది?

వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్‌టైమ్ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. 500 మందితో మొదలయ్యే ఒక కింది మెట్టు కూడా ఉంది గానీ అందులో యాడ్స్ వాటా రాదు. మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్ లాంటివే వస్తాయి. మామూలు వీడియోల యాడ్స్‌లో మీ వాటా 55%, షార్ట్స్‌లో 45%. ఈ డబ్బు యాడ్‌సెన్స్ అనే గూగుల్ చెల్లింపు ఖాతాలో పడుతుంది, అందులో వంద డాలర్లు జమయ్యాకే బ్యాంకుకు పంపుతారు. ఈలోపు పది డాలర్లు దాటగానే చిరునామా ధ్రువీకరణకు పోస్టులో పిన్ వస్తుంది. పల్లెల్లో ఉండేవాళ్లు ఇంటి నంబరు, మండలం, పిన్‌కోడ్ సరిగా రాసి పోస్ట్‌మ్యాన్‌కి ముందే చెప్పి ఉంచండి. ఆ కవరు రాక ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

తెలుగు వీడియోలకు యాడ్ రేటు తక్కువట కదా?

ఇంగ్లీషుతో పోలిస్తే తక్కువే. రేటు భాషను బట్టే కాదు, చూసేవాళ్లు ఎక్కడున్నారో దాన్ని బట్టి కూడా ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని తెలుగు వంట వీడియో చూసేవాళ్ల వల్ల వచ్చే రేటు వేరు. అందుకే అమెరికా తెలుగువాళ్లకు పనికొచ్చే విషయాలు చెప్పే ఛానెళ్లకు వ్యూస్ తక్కువున్నా ఆదాయం బాగుంటుంది.

దీనికి ఒక మెలిక ఉంది. అమెరికా వ్యూస్ నుంచి వచ్చిన భాగం మీద అక్కడ పన్ను కోస్తారు. యాడ్‌సెన్స్‌లో పన్ను ఫారం నింపి, మన పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందం వర్తిస్తుందని చూపిస్తే ఆ భాగం మీద 15% మాత్రమే. ఫారం నింపకుండా వదిలేస్తే ప్రపంచం మొత్తం నుంచి వచ్చిన ఆదాయం మీద 24% దాకా పోవచ్చు. పది నిమిషాల పని, ఈరోజే చేయండి.

ముఖం చూపించకుండా, ఏఐ గొంతుతో రోజుకు పది వీడియోలు పెడితే?

ముఖం చూపించకపోవడం తప్పు కాదు. వంట వీడియోల్లో చేతులు చాలు. కానీ ఒకే మూసలో గుంపుగా తయారుచేసిన వీడియోలకు డబ్బు ఇవ్వబోమని యూట్యూబ్ 2025 జులైలో తన నిబంధనను మరింత స్పష్టం చేసింది. నెట్‌లో దొరికిన బొమ్మలు, ఏఐ చదివిన వికీపీడియా పేరా, వెనక ఒక మ్యూజిక్: ఇలాంటి ఛానెల్‌కి వ్యూస్ వచ్చినా మానిటైజేషన్ (డబ్బు రావడానికి అనుమతి) దగ్గర ఆగిపోతుంది.

సినిమా పాట పది సెకన్లు పెడితే ఏమవుతుంది?

'పది సెకన్లలోపు ఫర్వాలేదు' అన్నది ఒట్టి పుకారు. క్లెయిమ్ పడితే, అంటే ఆ పాట మాదని హక్కుదారు చెప్తే, ఆ వీడియో డబ్బు పాట హక్కుదారుకు పోవచ్చు. కాపీరైట్ ఉల్లంఘన కింద ఛానెల్‌కి స్ట్రైక్ పడితే ఇంకా ప్రమాదం, 90 రోజుల్లో మూడు పడ్డాయంటే ఛానెలే పోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి.

నాకు అమ్మడం రాదు. బొమ్మలు వేయడం, ఎడిటింగ్, రాయడం వచ్చు. వాటితో సంపాదించొచ్చా?

నిజానికి మేము చాలామందికి ముందు ఈ దారే చూపిస్తాం. లింకులతో వంద రూపాయలు రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు. ఎడిటింగ్ వచ్చినవాళ్లకు మొదటి పని వారంలో దొరకొచ్చు. ఈ డబ్బుతో ఇల్లు గడుస్తుంటే లింకుల పనిని టెన్షన్ లేకుండా పెంచుకోవచ్చు.

పని ఎక్కడుంది? తెలుగు యూట్యూబ్ ఛానెళ్లకు థంబ్‌నెయిల్స్ కావాలి, షార్ట్స్ కత్తిరించేవాళ్లు కావాలి. ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లకు వాయిస్ ఓవర్ కావాలి. యాప్‌లు తెలుగులోకి మారుస్తున్నారు, ఆ తెలుగు చదవలేక చస్తున్నాం కాబట్టి మంచి తెలుగు రాసేవాళ్ల అవసరం ఉంది. అడిగేముందు నమూనా చూపించండి. 'నాకు థంబ్‌నెయిల్స్ వచ్చు సార్' అని మెసేజ్ పెడితే ఎవరూ పలకరు. వాళ్ల పాత వీడియోకే రెండు థంబ్‌నెయిల్స్ చేసి పంపితే పలుకుతారు. రెండే. 'పది చేసి పెట్టండి, నచ్చితే చూద్దాం' అనేవాళ్లకు దణ్ణం పెట్టి పక్కకు రండి.

ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లలో విదేశీ పనులు దొరుకుతాయి, కానీ వాళ్లు 20% తీసుకుంటారు. ధర చెప్పేటప్పుడు ఆ కోత కలుపుకుని చెప్పండి. ఫొటోలు తీసేవాళ్లు వాటిని అమ్మిపెట్టే అడోబీ స్టాక్ సైటులో పెడితే అమ్మిన ధరలో ఫొటోకు 33%, వీడియోకు 35% వస్తుంది. గోదావరి సూర్యోదయాలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి. మిర్చి ఆరబోసిన కల్లం, గంగిరెద్దులవాళ్లు, బతుకమ్మ పేర్చే చేతులు తక్కువ. మనుషుల ముఖాలు కనిపిస్తే వాళ్ల సంతకంతో మోడల్ రిలీజ్ పత్రం (ఫొటో వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు) కావాలి.

డీటీపీ ఆపరేటర్‌ని. అను ఫాంట్లలో ఏళ్ల అనుభవం ఉంది. ఆన్‌లైన్‌లో పనికొస్తుందా?

చెయ్యి తిరిగినతనం పనికొస్తుంది, అను ఫాంట్ ఫైలు మాత్రం పనికిరాదు. ఆన్‌లైన్ పనికి యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి కావాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండు వారాల్లో వేళ్లకు పట్టుబడుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితం. వ్యాపార పనులకు వాడుకున్నా ఇబ్బంది లేదు. పెళ్లిపత్రికల డిజైన్లు చేసినవాళ్లకు వాట్సాప్ ఇన్విటేషన్ వీడియోల పని సహజంగా అబ్బుతుంది. ముహూర్తాల నెలల్లో దానికి గిరాకీ బాగుంటుంది, మూఢంలో ఉండదు. అది మీకు మేం చెప్పక్కర్లేదు.

కథలు రాస్తాను. డబ్బు వస్తుందా?

కొద్దిగా. అమెజాన్ ఈ-పుస్తకాల వేదిక కిండిల్ 2016లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ లోటు తెలుగు రచయితలకు బాగా తగిలింది. ప్రతిలిపి అనే కథల యాప్‌లో పాఠకుల చందాలు, నాణేల ద్వారా కొంత వస్తుంది. అక్కడ ఒక్క కథ కన్నా భాగాలుగా నడిచే సీరియల్‌కే పాఠకులు నిలుస్తారు. పాకెట్ ఎఫ్‌ఎం, కుకు ఎఫ్‌ఎం లాంటి ఆడియో యాప్‌లకు స్క్రిప్టు రాయడం మరో దారి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు హక్కులు ఎవరికి పోతున్నాయో, ఎన్నేళ్లకు పోతున్నాయో చదవండి. కథ మీదే అయినా రేపు దాన్ని పుస్తకం వేసుకునే హక్కు మీకు లేకుండా పోవచ్చు.

లింకు పెట్టినట్టు, ఫ్రీగా వస్తువు తీసుకున్నట్టు జనానికి చెప్పాలా?

చెప్పాలి. 2021 నుంచి యాడ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ మార్గదర్శకాలున్నాయి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా ఇచ్చింది. డబ్బే కాదు, ఉచిత వస్తువు, ట్రిప్పు తీసుకున్నా చెప్పాల్సిందే. వివరణలో అడుగున దాచడం చెప్పినట్టు కాదు. వీడియో తెలుగులో ఉంటే 'ఈ లింకుతో కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని తెలుగులోనే మొదట్లో చెప్పేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చెప్తే కొనరేమోనన్న భయం అక్కర్లేదు. దాచి దొరికిపోతేనే కొనరు.

బెట్టింగ్ యాప్ వాళ్లు భారీగా ఇస్తామంటున్నారు. ఒక్క స్టోరీ పెడితే చాలట.

వద్దు. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలను ప్రకటించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు మన పేపర్లలోనే వచ్చాయి. స్టాక్ టిప్స్ చెప్పి డీమ్యాట్ లింకులు పెట్టే విషయంలో కూడా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు బిగించింది, రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలివ్వకండి.

టెలిగ్రామ్‌లో లైకులు కొడితే 150 రూపాయలిచ్చారు. నిజంగానే పడ్డాయి. కొనసాగించాలా?

ఆ 150 ఎర. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటారు. వెయ్యి కట్టించుకుని 1,300 ఇస్తారు, ఆ తర్వాత లక్ష కట్టించుకుని మాయమవుతారు. ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అఫిలియేట్ కోర్సు 15 వేలు అంటున్నారు. కొనాలా?

ఆ కోర్సు నేర్పేది 'ఇదే కోర్సు ఇంకొకరికి అమ్మడం ఎలా' అని అయితే కొనొద్దు. ఎడిటింగ్, డిజైన్, యానిమేషన్ లాంటి పని నేర్పే కోర్సు అయితే ఆలోచించండి, అదీ ఉచితంగా దొరికేవి చూసి సరిపోలేదనుకున్నాకే.

టాక్స్ కట్టాలా?

ఇది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి మొత్తం ఆదాయం 12 లక్షల లోపుంటే సాధారణంగా పన్ను ఉండదు. కానీ 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాలి. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 20 వేలు మించి కమీషన్ వస్తే 2% టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20%. కోసింది వెనక్కి రావాలన్నా రిటర్న్ వేయాల్సిందే. 20 వేలు మించిన విలువైన ఫోనో టీవీయో బహుమతిగా ఇచ్చి అట్టిపెట్టుకోమంటే దాని మీద కూడా 10% టీడీఎస్ ఉంటుంది. చిన్న వ్యాపారులు వాడే అంచనా లాభం పద్ధతి కమీషన్ ఆదాయానికి వర్తించదు, కాబట్టి ఖర్చుల బిల్లులు దాచుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలకు 20 లక్షలు దాటాకే.

విదేశాల నుంచి డబ్బు ఎలా తెప్పించుకోవాలి?

పేపాల్, పేయోనీర్, వైజ్ ఎక్కువగా వాడతారు. డాలర్ రేటులో ఎంత కోస్తున్నారో పోల్చి చూసుకోండి, అసలు ఖర్చు అక్కడే ఉంటుంది. విదేశీ చెల్లింపు పత్రాలు ప్రతిసారీ దించుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టండి.

అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నాను. ఖాళీ టైమ్‌లో చేయొచ్చా?

ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర పనికే అనుమతి. ఎఫ్‌1 విద్యార్థులకూ గట్టి పరిమితులున్నాయి. 'పాసివ్ ఇన్‌కమ్ కదా, ఫర్వాలేదు' అని గ్రూపుల్లో చెప్పేవాళ్లను నమ్మి మొదలుపెట్టకండి. వీడియో తీయడం, ఎడిట్ చేయడం పని కిందికి వస్తుందా అన్నది ఇమ్మిగ్రేషన్ లాయరే చెప్పాలి. ఇండియాలో తమ్ముడి పేరు మీద ఖాతా తెరిచి పని మీరు చేస్తే చిక్కు తీరదు.

ప్రభుత్వ ఉద్యోగిని. భార్య పేరు మీద ఛానెల్ పెట్టొచ్చా?

పని ఆవిడదే అయితే ఛానెల్ ఆవిడదే. అయినా ప్రవర్తనా నియమాల ప్రకారం కుటుంబ సభ్యుల వ్యాపారం గురించి శాఖకు తెలపాల్సి ఉంటుంది. పని మీది, పేరు ఆవిడది అయితే ముందు అనుమతి తీసుకోండి.

మా అబ్బాయికి పదహారేళ్లు. వాడి ఛానెల్‌కి డబ్బు వస్తుందా?

వస్తుంది, కానీ యాడ్‌సెన్స్ ఖాతాకు 18 నిండాలి. అప్పటిదాకా మీ పేరు మీద తెరిచి లింకు చేయండి. ఆ ఆదాయం లెక్క మీ రిటర్న్‌లో ఎలా చూపించాలో మీ ఆడిటర్‌ని ముందే అడగండి.